తెరవెనుకటి గూఢపురుషులు



రాజులు చారచక్షువులని మనవారు చెప్పుదురు. సామాన్యుడు ముఖమందున్న కన్నులతో చూచును. రాజు వేగులవారి కన్నులతో చూచునని దాని తాత్పర్యము. కౌటిల్యుడు అర్థశాస్త్రమున ఈ గూఢపురుషులను గూర్చి విపులముగ వ్రాసెను. కాపటికుడు, ఉదాస్థితుడు, గృహపతి, వైదేహకుడు, తాపసుడు, సత్రి, తీక్ష్ణుడు, రసదుడు, భిక్షుకి అని వారిలో తెగలు చెప్పెను. ఒకడు విద్యార్థివలె గురుకులమున కూర్చుండును. ఒకడు మూటకట్టుకొని వర్తకునివలె తిరుగును. మఱియొకడు జడలు పెంచి ఊరి వెలుపల తపము చేయుచున్నట్లు నటించును. ఎవరికిని తెలియకుండుటయే వీరి వృత్తికి ప్రాణము. నలుగురెఱిగిన వేగులవాడు వేగులవాడే కాడు.

అట్టివానిని కథానాయకునిగ చేసి, వాని పేరు దేశదేశముల చాటి, గోడగోడకు వాని బొమ్మ నతికించి ధనమార్జించుట సినిమావారికే చెల్లినది. ఆంగ్లేయుల జేమ్స్ బాండు ఇట్టి గూఢచారి. పోయిన ప్రతిచోట తన పేరు తానే రెండుమారులు చెప్పుకొనును. అయినను ఆ చిత్రములలో నిజమైన గూఢపురుషులు లేకపోలేదు. వారు తెరమీద లేరు, తెరవెనుక కలరు. నేడు వారిని గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని.

తోలుబొమ్మలాట చూచినవారికి ఈ సంగతి సులభముగ బోధపడును. తెరపై రావణుడు పది తలలు ఊపుచు గర్జించును. ఆ తలలూపిన చేయి ఒకరిది, గర్జించిన గొంతు ఒకరిది, కాళ్లక్రింద పలక త్రొక్కి యుద్ధధ్వని పుట్టించినది వేఱొకరు, దీపము కొండెక్కకుండ నూనె పోసినది ఇంకొకరు. పిల్లవాడు మాత్రము రావణునే చూచును. నేటి పిల్లవాడు చేతిలోని ఫోనునందు సినిమా చూచుచు, కొండపైనుండి దుమికినవాడు కథానాయకుడే యని నమ్ముచున్నాడు. అన్నము తినువాడు రైతును మఱచుట యెట్టిదో, ఇదియు అట్టిదే.

ఉదాహరణమునకు ఒక్క చిత్రమును తీసికొందము. 1977 జూలై 7వ తేదీన లండను నగరమున మొదట ప్రదర్శింపబడిన 'ది స్పై హూ లవ్డ్ మీ' అనునది. నన్ను వలచిన గూఢచారి అని దాని యర్థము. ఆ కాలమున దీనికి అయిన వ్యయము సుమారు 1 కోటి 40 లక్షల డాలర్లు. 1962లో వెలువడిన మొదటి బాండు చిత్రము 'డాక్టర్ నో' సుమారు 10 లక్షల డాలర్లలో ముగిసినదని చెప్పినచో, పదునైదేండ్లలో ఈ వ్యాపారమెంత పెరిగినదో మీరే లెక్కించుకొనవచ్చును.

బాండును సృష్టించిన రచయిత ఇయాన్ ఫ్లెమింగ్. ఈ పేరుతో ఆయన 1962లో ఒక నవల ప్రకటించెను గాని, చిత్రము తీయువారికి పేరు మాత్రమే వాడుకొన నిచ్చెను, కథ నీయలేదు. 1964లో ఆయన కాలధర్మము నొందెను. కావున చిత్రమునకు కథను క్రొత్తగ అల్లవలసి వచ్చెను. అనేకుల చేతులు మాఱి, తుదకు క్రిస్టఫర్ వుడ్, రిచర్డ్ మెయిబామ్ అను ఇరువురి పేర్లతో అది నిలిచెను. సముద్రగర్భమున రాజ్యము స్థాపింపగోరిన స్ట్రాంబర్గ్ అను ధనికుడు పెద్ద నౌకతో జలాంతర్గాములను మ్రింగించి, వాని అణ్వస్త్రములతో లోకనాశనమునకు పూనుకొనును. ఆంగ్ల గూఢచారియు రష్యా గూఢచారిణియు పగ మాని, ఏకమై వానిని అడ్డుదురు. కథ ఇంతమాత్రమే. కథ చిన్నది, కట్టడము పెద్దది.

నిర్మాత ఆల్బర్ట్ బ్రాకలీ. సినిమా వ్యవహారమున నిర్మాత యనగా పెండ్లివారింట యజమాని వంటివాడు. పందిరి వేయించుట, వంటవారిని కుదుర్చుట, అలిగినవారిని బుజ్జగించుట, తుదకు అప్పు తీర్చుట ఆయన పని. బ్రాకలీకి మొదటి చిత్రమునుండి హ్యారీ సాల్ట్జ్‌మన్ భాగస్వామిగ నుండెను. ఆ భాగస్వామి ధనపు చిక్కులలో పడి, 1975లో తన వాటాను యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థకు అమ్ముకొని వెడలిపోయెను. అంతకుముందు 1974లో వచ్చిన చిత్రమునకు దాని ముందటిదానికి వచ్చినంత రాబడి రాలేదు. బాండు పని యయిపోయినదని పలువురు తలచిరి. ఒంటరియైన బ్రాకలీ వ్యయము తగ్గించుటకు మాఱుగ రెట్టింపు చేసెను. ఇది పోయినచో అన్నియు పోవును. ఇంతమంది చేతిపనిపై ఆయన భవిష్యత్తు నిలిచియుండెను.

ఆయన గుణమును దెలుపు చిన్న సంగతి యొకటి. ఈజిప్టు దేశమున చిత్రీకరణము జరుగునపుడు పనివారికి రావలసిన ఆహారము సరిగ చేరలేదు. ఎండలో పనిచేసినవారు ఆకలితో గొణుగుచుండిరి. అప్పుడు బ్రాకలీ ఎవరిపైనను కేకలు వేయలేదు. తానే గరిటె పట్టి, తన పూర్వుల ఇటలీదేశపు వంటకమగు, మన సేమ్యావంటి స్పగెట్టీని పెద్ద పాత్రలలో వండి, వరుసలో నిలిచినవారికందఱకును వడ్డించెను. కోట్ల డాలర్లు వెచ్చించువాడు గరిటె పట్టుటలో చిన్నతనమెంచలేదు. వడ్డించిన చేతిని పనివాడు మఱచునా?

దర్శకుడు లూయిస్ గిల్బర్ట్. మొదట గై హామిల్టన్ అను వేఱొకరికి అప్పగింపబడిన పని ఈయన చేతికి వచ్చెను. మన నాటకములలో సూత్రధారుడెట్లో సినిమాలో దర్శకుడట్లు. ఎవడు ఎక్కడ నిలువవలెను, ఏ మాటను ఎట్లు పలుకవలెను, ఏ దృశ్యము ఎంతసేపు నడువవలెను అని నిర్ణయించువాడాయనయే.

నటుల విషయము క్లుప్తముగ చెప్పెదను. వారి పేర్లు అందఱకును తెలిసినవే. బాండుగ రోజర్ మూర్, రష్యా గూఢచారిణిగ అమెరికా వనిత బార్బరా బాక్, స్ట్రాంబర్గ్‌గ జర్మను నటుడు కర్ట్ యుర్గెన్స్ నటించిరి. వీరందఱికంటె జనులు ఎక్కువగ జ్ఞాపకముంచుకొన్నది ఉక్కుపండ్ల రాక్షసుని. అతడు రిచర్డ్ కీల్ అను నటుడు. అతని యెత్తు ఏడడుగుల రెండంగుళములు. ఆ లోహపుపండ్లు నోటిలో పెట్టుకొన్న కొన్ని నిమిషములకే ఓర్వరాని బాధ కలుగుటచే, ఒక్కొక్క దృశ్యము కాగానే వానిని తీసివేయవలసి వచ్చెడిది. తెరపై జనులను భయపెట్టిన ఆ నోరు తెరవెనుక నొప్పి దిగమ్రింగుచుండెను. ప్రేక్షకులు అతనిని ఎంత మెచ్చిరనగా, 1979లో వచ్చిన తరువాతి చిత్రమునందును ఆ పాత్రను మరల తెచ్చిరి.

ఇక నేపథ్యమునకు పోదము. నేపథ్యమను మాటను ఇప్పుడు పాటలకే ముడిపెట్టుచున్నారు గాని, భరతుడు నాట్యశాస్త్రమున దానిని విపులార్థమున వాడెను. పుస్తము, అలంకారము, అంగరచన, సజీవము అని నేపథ్యమును నాలుగు విధములుగ చెప్పెను. అందు పుస్తమనగా రంగముకొఱకు కల్పించు కొండలు, వాహనములు, విమానములు, కవచములు, ధ్వజములు మున్నగునవి. వెదురు, చాప, గుడ్డ, తోలు మొదలగువానితో చేయునది సంధిమము. యంత్రముచే కదలునది వ్యాజిమము. అంతటి పూర్వకాలముననే కృత్రిమపు కొండకు శాస్త్రమున చోటున్నదని తెలిసినపుడు, నేటి సినిమావారి నేర్పును చూచి మనము ముక్కున వ్రేలు వేసికొన నక్కఱలేదు; పోల్చి చూచి ఆనందింపవచ్చును.

ఈ చిత్రమునకు పుస్తకర్త, నేటి భాషలో కళాదర్శకుడు, కెన్ ఆడమ్. 1921లో బెర్లిను నగరమున యూదుల కుటుంబమున జన్మించెను. హిట్లరు పాలనకు వెఱచి 1934లో ఆ కుటుంబము ఇంగ్లండు చేరెను. అచ్చట వాస్తువిద్య నేర్చి, రెండవ ప్రపంచయుద్ధమున ఆంగ్లేయుల వైమానికదళమున చేరి, తనను తరిమిన ప్రభుత్వముపైననే యుద్ధవిమానము నడపెను. తరువాత సినిమాలకు భవనములు కల్పించుట వృత్తిగ చేసికొనెను.

కథలో జలాంతర్గాములను మ్రింగు నౌకయున్నదని చెప్పితిని. మూడు జలాంతర్గాములు నీటిపై తేలుచుండగ, చుట్టును వందలకొలది భటులు పరుగిడు ఆ నౌకాగర్భమును ఎచ్చట నిర్మింపవలెను? అంతటి చావడి లోకమున లేకపోయెను. 1967లో వచ్చిన వేఱొక బాండు చిత్రమునకు ఆడమ్ అగ్నిపర్వతపు లోపలిభాగమును ఆరుబయట నిర్మించెను. పని ముగియగానే దానిని పడగొట్టవలసి వచ్చెను. ఆ నష్టము మరల కలుగకుండ, ఈసారి నిలిచియుండు కట్టడమునే కట్టుదమని నిశ్చయించిరి. లండను సమీపముననున్న పైన్‌వుడ్ స్టూడియోలో మూడువందల అడుగులకు మించిన పొడవుగల మందిరము లేచెను. నేలలో పెద్ద తొట్టి త్రవ్వి, పది లక్షల గాలన్లకు మించిన నీటిని నింపిరి. 1976 డిసెంబరు 5వ తేదీన, ఆ యేడే ప్రధానమంత్రి పదవి విడిచిన హెరాల్డ్ విల్సన్ దానిని ప్రారంభించెను. బాండు సంఖ్యను బట్టి దానికి 007 స్టేజి అని పేరిడిరి.

ఇల్లు కట్టుట యొక యెత్తు, దీపము పెట్టుట యొక యెత్తు. చిత్రపు ఛాయాగ్రాహకుడు క్లాడ్ రెన్వార్. ఈయన ప్రసిద్ధ ఫ్రెంచి చిత్రకారుడు ఆగస్ట్ రెన్వార్‌కు మనుమడు. 1951లో వెలువడిన 'ది రివర్' చిత్రమును మన వంగదేశమున, గంగయొడ్డున, తన పినతండ్రి జాన్ రెన్వార్ దర్శకత్వమున చిత్రించినవాడు. అంతటి నేర్పరికి ఈ కాలమున చూపు మందగింప నారంభించెను. అంత పెద్ద మందిరమున ఒక కొననుండి చూచినచో రెండవ కొన ఆయనకు సరిగ కనబడకుండెను. తాను కట్టిన కట్టడమునకు వెలుగు కుదురునా కుదురదా యని ఆడమ్ మనసున బెంగ. పెద్దవానిని అవమానింపరాదు; పని చెడిపోరాదు.

అప్పుడు ఆడమ్ తన పాత మిత్రుడు స్టాన్లీ కుబ్రిక్‌కు కబురంపెను. కుబ్రిక్ జగత్ప్రసిద్ధుడైన దర్శకుడు. ఆయన తీసిన చిత్రమునకే ఆడమ్ అంతకుముందు ఆస్కారు బహుమానము పొందియుండెను. తాను వచ్చినట్లు ఎవరికిని తెలియరాదను నియమముపై ఆయన అంగీకరించెను. ఒక ఆదివారము పనివారు లేనివేళ రహస్యముగ వచ్చి, కొన్ని గంటలు ఆ మందిరమున తిరిగి, ఏ దీపమెక్కడ నుంచవలెనో చెప్పి పోయెను. చిత్రమున ఆయన పేరు లేదు. ఆడమే కాలాంతరమున ఈ సంగతిని బయటపెట్టెను. గూఢచారి చిత్రమున నిజముగ గూఢచారివలె వచ్చి పోయినవాడు ఈయనయే. మేలు చేసినవాడు మఱుగున నుండెను. చూపు తగ్గిన పెద్దవాని గౌరవము నిలిచెను. ఈ కథనంతటిలో నాకు మిక్కిలి నచ్చిన ఘట్టమిదియే.

వ్యాజిమమను యంత్రపు బొమ్మల పని డెరెక్ మెడింగ్స్‌ది. సముద్రముపై పోవుచున్నట్లు తెరపై కనబడు మహానౌక నిజమైనది కాదు. అసలు నౌకను తెచ్చి వాడుట ప్రమాదము, వ్యయము. కావున అరువది మూడడుగుల నమూనానౌకను చేసి, బహామా దీవుల చెంత సముద్రమున నడిపిరి. అరువది మూడడుగుల బొమ్మ యేల, చేతిలో పట్టునది చాలదా యని మీరడుగవచ్చును. నీటి బిందువును చిన్నది చేయుట ఎవరి తరము కాదు. చిన్న బొమ్మ చుట్టు లేచు అల, పెద్ద నౌక చుట్టు లేచు అలవలె కనబడదు. మోసము వెంటనే బయటపడును. బొమ్మ పెద్దదైనకొలది నీరు నమ్మదగినట్లు మెలగును.

ఇదేవిధముగ బాండు ఎక్కిన లోటస్ కారు సముద్రమున దుమికి జలాంతర్గామిగ మాఱును. తెరపై అది ఒకే కారు. తెరవెనుక పెక్కు కారుచట్రములు. ఒకటి రహదారిపై పరుగెత్తుటకు, ఒకటి నీట దుముకుటకు, ఒకటి చక్రములు లోనికి ముడుచుకొనుట చూపుటకు. నీటిలో నిజముగ నడచినదానిని ఫ్లారిడాలోని ఒక సంస్థవారు నిర్మించిరి. దానిలోనికి నీరు వచ్చును. లోపల కూర్చుండి నడపినవారు ఊపిరిగొట్టములు ధరించిన గజయీతగాండ్రు. ఒక్క నిమిషపు ఆశ్చర్యమునకు ఇన్ని చేతులు.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన ఘట్టము. చిత్రారంభమున బాండు మంచుకొండపై, కాళ్లకు కట్టుకొన్న స్కీలనెడి పొడుగుచెక్కలపై జారుచు శత్రువుల నుండి పాఱిపోవును. కొండ యంచు వచ్చును. ఆగడు. అంచుదాటి శూన్యమున పడును. సంగీతమాగిపోవును. నిశ్శబ్దముగ క్రిందికి, ఇంకను క్రిందికి పడుచుండును. స్కీలు ఊడి వేఱగును. చాలసేపటికి పారాచూటు విచ్చుకొనును. దానిపై ఆంగ్లేయుల జెండా.

కొండపై తఱుముట స్విట్జర్లాండులో విల్లీ బోగ్నర్ చిత్రించెను. దుముకుట జరిగినది కెనడా దేశపు ఉత్తరాన, బాఫిన్ దీవిలోని ఆస్గార్డ్ అను పర్వతముపై. దాని యెత్తు 2,015 మీటర్లు. శిఖరము బల్లపరుపుగ నుండి, అంచున నిట్టనిలువుగ తెగిన చరియ గలది. బృందము పైకి చేరుటకు హెలికాప్టరును వాడెను. దుమికినవాడు రోజర్ మూర్ కాడు; అమెరికా దేశీయుడగు రిక్ సిల్వెస్టర్. మన సినిమావారు ఇట్టివానిని డూపు అందురు. అతడంతకుముందు కాలిఫోర్నియాలోని ఎల్ కాపిటన్ అను కొండపైనుండి ఇట్లే దుమికియుండెను. దీనికి అతనికి ముట్టినది 30,000 డాలర్లు. ఆ యొక్క దృశ్యమునకైన మొత్తము సుమారు 5 లక్షల డాలర్లని చెప్పుదురు.

1976 జూలై మాసమున జాన్ గ్లెన్ నాయకత్వమున చిన్న బృందము అచ్చటికి చేరెను. గాలి కుదురలేదు. మబ్బులు కమ్మెను. దినములు గడచుచుండెను, వ్యయము పెరుగుచుండెను. దూరముననున్న యజమాని ఓపికకు పరీక్ష. గాలి కొంచెము ప్రక్కకు విసరినను మనిషి చరియను తాకి నుజ్జగును. అట్టిచోట దర్శకుని నిజమైన నేర్పు, కానిమ్మని చెప్పుటలో కాదు, ఇప్పుడు వలదని చెప్పుటలో నున్నది. తుదకు ఒకనాడు కొద్దిసేపు ఆకాశము విరిసెను. సిల్వెస్టర్ దుమికెను. అతని కాలినుండి ఊడిన స్కీ యొకటి, విచ్చుకొనుచున్న పారాచూటును రాచుకొని పోయెను. అది త్రాళ్లలో చిక్కుకొన్నచో ప్రాణము దక్కెడిది కాదు. చిత్రమున ఇప్పటికిని ఆ క్షణమును శ్రద్ధగ చూచువారికి అది కనబడును. అమర్చిన కెమెరాలలో ఒక్కటి మాత్రమే ఆ పతనమును పూర్తిగ పట్టుకొనగలిగెను. ఆ యొక్కటియు తప్పియున్నచో ఒకడు ప్రాణములొడ్డి చేసిన పని లోకమునకు దక్కకపోయెడిది.

ఆ జాన్ గ్లెనే ఈ చిత్రమునకు కూర్పరి, అనగా ఎడిటరు. ఆ పతనమును ఎంతసేపు చూపవలెను, ఎప్పుడు శబ్దమును ఆపవలెను అను వివేకము కూర్పరిది. రైతు పండించినను దంచి చెఱిగి రాళ్లేఱినగాని అన్నము కాదుగదా! తరువాత 1981 మొదలు 1989 వఱకు వరుసగ అయిదు బాండు చిత్రములకు ఈయనయే దర్శకుడయ్యెను. సంగీతము మార్విన్ హామ్లిష్ కూర్చెను. కార్లీ సైమన్ పాడిన పాట దేశదేశముల మాఱుమ్రోగెను.

ఫలమేమి? చిత్రము సుమారు 18 కోట్ల 50 లక్షల డాలర్లు రాబట్టెను. ఒంటరి నిర్మాత నిలిచెను. కళాదర్శకత్వమునకు, సంగీతమునకు, పాటకు ఆస్కారు బహుమానములకై పేర్లు వెళ్లెను గాని ఒక్కటియు రాలేదు. ఆడమ్ కట్టిన 007 స్టేజి 1984లో కాలిపోయెను. మరల కట్టి 1985లో బ్రాకలీ పేరు చేర్చిరి. 2006లో మరల కాలెను. 2007లో మరల కట్టిరి. బ్రాకలీ 1996లోను, ఆడమ్ 2016లోను, మూర్ 2017లోను కీర్తిశేషులైరి.

ఇది పరదేశపు కథ యని కొట్టివేయకుడు. 1966లో కృష్ణ నటించిన 'గూఢచారి 116' ఆ గాలి మనవైపు వీచుటచే పుట్టినదే. 1957 నాటి 'మాయాబజారు'లో ఘటోత్కచుడు లడ్డూలు ఆరగించుట ఊరూర చెప్పుకొందురు. ఆ మాయను కెమెరాలో బంధించిన మార్కస్ బార్ట్లీ పేరు ఎందఱకు తెలియును? సురభి నాటకసమాజమువారి రంగస్థలముపై మేఘములు కదలి, దేవతలు దిగివచ్చుట చూచినవారు మీలోనే కలరు. ఆ త్రాడు లాగినవాని ముఖము చూచితిరా?

బడిలో చాలకాలము పాఠములు చెప్పినవాడను గనుక పిల్లల స్వభావము నేనెఱుగుదును. నాయకునివలె కావలెనని ప్రతి బాలుడును కోరును. నాయకుడొక్కడే ఉండును, తక్కిన వందమంది మాటయేమి? వడ్రంగి, దీపగాడు, వంట వడ్డించిన యజమాని, పేరు చెప్పుకొనక సాయపడిన మిత్రుడు, మంచుకొండపై గాలికై వేచిన బృందము, వీరిలో ఎవరివలెనైనను కావచ్చునని బాలునికి తెలిసినచో వాని లోకము విశాలమగును. దుముకుటకు వెనుక ఎన్ని దినముల నిరీక్షణము, ఎంత అభ్యాసము కలదో తెలిసినచో, వట్టి ధైర్యమునే నమ్మి మిద్దెమీదినుండి దుముకడు.

కావున పెద్దలారా, మీ మనుమలతో కూర్చుండి చిత్రము చూచునపుడు, కథ ముగియగానే లేవకుడు. తుదిని పేర్లు వరుసగ కదలిపోవును. వానిలో నాలుగైనను బిగ్గఱగ చదివింపుడు. కొండపైనుండి దుమికినదెవరని పిల్లవాడడిగినచో, నిజము చెప్పుడు: దుమికినవాడొకడు, ముఖము చూపినవాడొకడు, వారిరువురిని ఒక్కనిగ చేసి చూపినవారు పెక్కుమంది.

సెలవు.